పది ఇరవైకి వచ్చిన మాట

పద్నాలుగేళ్లుగా నా దగ్గర ఒక కాగితం ఉంది. అరచేతిలో ఇమిడేంత కాగితం. పంకా వేస్తే ఎగిరిపోతుంది. అయినా నేను మోసినవాటిలో అంత బరువైనది ఇంకొకటి లేదు. ఇల్లు మారిన రెండుసార్లూ మంచాలూ గిన్నెలూ బండికెక్కించకముందే దాన్ని జేబులో పెట్టుకున్నాను. పారేయవచ్చు కదా అని మీరు అడగవచ్చు. నన్ను నేనే అడిగాను. పారేయలేదు. ఎవరికీ చూపించనూ లేదు.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్ల ముందు ఈ మాట ఎత్తబోయి, ఎండల గురించో బస్సుల గురించో మాట్లాడి లేచి వచ్చిన రోజులు నా డైరీల్లో చాలా ఉన్నాయి. ఆ తేదీల్లో "చెప్పలేదు" అని ఒక్క మాట రాసి ఉంటుంది. ఏం చెప్పలేదో రాసి ఉండదు. డైరీ దగ్గర కూడా దాచిన మాట అది.

పంతొమ్మిదో ఏటి నుంచి నాకు డైరీ రాసే అలవాటు. ఏడాదికొక పుస్తకం. ఇనప బీరువాలో రెండు వరసలు. ఏ తేదీ అడిగినా ఆరోజు గాలి ఎటు వీచిందో, ఇంట్లో ఏం కూర వండారో చెప్పగలను. ఈయన తుమ్మినా టైము రాసుకుంటారని నా భార్య బతికున్న రోజుల్లో వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వించేది. నేను విసుక్కున్నట్టు కనపడేవాణ్ని. లోపల గర్వంగా ఉండేది. ఆ గర్వాన్ని గుర్తుపెట్టుకోండి. నేను చేసిన తప్పుకి వేరు అక్కడే ఉంది.

విశాఖపట్నం హార్బరులో లాంచీలు నడిపే ఒక చిన్న సంస్థలో పనిచేశాను. ఆ సంస్థ ఇప్పుడు లేదు. నాది మేడమీద రేడియో గది. కిటికీలోంచి ఒకపక్క డాల్ఫిన్స్ నోస్ కొండ, ఇంకోపక్క ఖనిజం గుట్టలు. కిటికీ మూసినా ఎర్రదుమ్ము లోపలికి వచ్చి కాగితాల అంచుల మీద వాలేది. లాంచీలు నడిపే సరంగులు రేడియోలో ఏం చెప్పినా, టైముతో సహా, పెన్సిలుతో చిత్తు కాగితం మీద రాసుకోవాలి. ఎవరికి అందాలో వాళ్లకి ఫోను చేసి చెప్పాలి. డ్యూటీ దిగేముందు చిత్తులో ఉన్నదంతా లాగ్ పుస్తకంలోకి ఇంకుతో సాఫుగా ఎక్కించి, చిత్తు కాగితాలు చించి పారేయాలి. ఆ తరవాత లాగ్‌లో ఉన్నదే జరిగింది. లేనిది జరగలేదు. అదీ పద్ధతి.

దానికి నేను నా పద్ధతి ఒకటి కలిపాను. సందేశం వచ్చినప్పుడల్లా ఫోను ఎత్తకుండా, అరగంటకోసారి, అన్నీ కలిపి, లాంచీలు బాగుచేసి పంపే మా వర్క్‌షాపుకి చెప్పేవాణ్ని. ఎవరూ అలా చేయమనలేదు. ఎవరూ వద్దనలేదు. పని చిందరవందర కాకుండా ఉంటుందని పైకి చెప్పుకున్నాను. మీకు నిజం చెప్తాను. మధ్యలో దొరికే ఆ ఖాళీ నాకు నవల రాసుకోవడానికి కావాలి.

మాది తగరపువలస దగ్గర రైతుల ఊరు. చిన్నప్పుడు భీమిలి వెళ్తే డచ్చివాళ్ల సమాధుల మధ్య ఆడుకునేవాళ్లం. పెద్దయ్యాక ఆ రాళ్ల గురించి ఆలోచించాను. మీసాలు రాకముందే సముద్రం దాటి వచ్చి ఇక్కడి మట్టిలో కలిసిపోయిన కుర్రాళ్లు ఎందరుంటారు? పదిహేడేళ్లకి ఓడ మీద ఆఫీసరు. యాభై ఏళ్ల నావికులు వాడి మాట వినాలి. వాడి నోట తప్పు మాట వస్తే ప్రాణాలు పోతాయి. ఆ వయసులో నేను మా నాన్న ముందు నోరెత్తడానికే భయపడేవాణ్ని. అందుకేనేమో ఆ కుర్రాళ్లంటే నాకు మోజు. బీచిరోడ్డు మీద తెల్లబట్టల్లో నడిచిపోయే నేవీ కుర్రాళ్లని చూసినా కాసేపు ఆగిపోయేవాణ్ని.

నవల తొంభై మూడులో మొదలుపెట్టాను. రెండొందల ఏళ్ల కిందటి కథ. భీమిలిలో ఒక డచ్చి వర్తకుడికీ జాలరి స్త్రీకీ పుట్టిన జాన్ అనే కుర్రాడు యుద్ధనౌక మీద చిన్న ఆఫీసరుగా చేరతాడు. ఊళ్లో వచ్చే ఒక చిన్న వారపత్రికవాళ్లు దాన్ని సీరియల్‌గా వేశారు.

తెరచాప ఓడని నేను బొమ్మల్లో తప్ప చూడలేదు. నాకు సముద్రం నేర్పినవాడు నూకరాజు. మా లాంచీల్లో ఒకదానికి సరంగు. జాలరిపేట మనిషి, తాతల కాలం నుంచీ చేపలవేటే. చదువు రాదు. భార్య దేముడమ్మ ఏడో తరగతి దాకా చదివింది. ఆదివారం ఆమె ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ సీరియల్ చదివితే, అతను వల బాగుచేసుకుంటూ వినేవాడు. సోమవారం నా గదికి వచ్చి తప్పులు పట్టేవాడు. జాన్‌ని జానయ్య అనేవాడు, పక్కింటి కుర్రాడి గురించి మాట్లాడినట్టు. ఒకసారి జాన్ చేత గాలికి ఎదురుగా తెరచాప ఎత్తించాను. "అలగెత్తితే గాలే ఆడి ముక్కు పగలగొట్టేత్తాది బావా, నీకింక నవల రాసే పని నేదు" అని నవ్వాడు. మర్నాడే దిద్దుకున్నాను. నూకరాజు చెప్పింది నేను ఎప్పుడూ రాసుకునేవాణ్ని. ఒక్కసారి తప్ప.

తొంభై నాలుగు, చలికాలం, గురువారం. నూకరాజు లాంచీ, ఓడని జెట్టీకి కట్టే తాళ్లవాళ్లని ఎక్కించుకుని బయలుదేరింది. పది ఇరవైకి రేడియో పలికింది. స్టీరింగు చెయిను జారుతోంది, ఇలా ఓడ దగ్గరకి వెళ్లడం మంచిది కాదు, ఇంకో లాంచీ పంపమని చెప్పు అన్నాడు. రాసుకున్నాను. "సరే" అన్నాను. మాట వచ్చేదాకా మెల్లగా వెళ్తూంటానన్నాడు.

వర్క్‌షాపుకి ఫోను పదిన్నరకి. ఇంకా పది నిమిషాలుంది. నవల కాగితాలు ముందుకు లాక్కున్నాను. జాన్ మొదటిసారి చుక్కాని చేతిలోకి తీసుకునే ఘట్టం. మళ్లీ గడియారం చూసేసరికి పదిన్నర దాటి రెండు నిమిషాలు. వాక్యం సగంలో ఉంది. ఈ ఒక్క వాక్యం అయ్యాక అనుకున్నాను. ఆ వాక్యం నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. "చుక్కాని పట్టినవాడి చేతిలో ఉండేది కర్ర కాదు, తన వెనక నిలబడ్డవాళ్ల ప్రాణాలు." బాగా వచ్చిందనుకున్నాను. ఒక మాట కొట్టేసి ఇంకో మాట పెట్టాను. పది నలభైకి రేడియోలో కేకలు వినిపించాయి.

చెయిను ఊడిపోయి లాంచీ అడ్డంగా తిరిగి జెట్టీ దుంగలకి గుద్దుకుంది. ముందువైపు తాడు పట్టుకుని నిలబడ్డ పైడయ్య కాలు మధ్యలో నలిగిపోయింది. ఆస్పత్రిలో మోకాలి కింద నుంచి తీసేశారు. పైడయ్య దేముడమ్మ తమ్ముడు. వాణ్ని ఆ పనిలో పెట్టించింది నూకరాజే.

నేను రెండు గంటలకి డ్యూటీ దిగాలి. ఒంటిగంటన్నరకి లాగ్ తెరిచాను. చిత్తులో ఉన్నవన్నీ వరసగా ఎక్కించాను. పది ఐదు. ఆ కింద పది నలభై. ఇది మీకు చెప్పి తీరాలి. నా దస్తూరీ రోజూ ఉన్నంత గుండ్రంగానే ఉంది. రెండు వరసల మధ్య ఖాళీ కూడా వదల్లేదు.

ఎందుకలా చేశాను? ఉద్యోగం పోతుందనా? పోయేది కాదేమో. మందలించి వదిలేసేవాళ్లేమో. ఇన్నేళ్లుగా తిప్పి తిప్పి చూసుకుంటే నాకు తేలింది ఒకటే. ఆయన చేతిలో పడ్డ మాట తప్పిపోదు అని అందరూ నా గురించి అనేవారు. ఆ పేరు పోతుందని భయపడ్డాను. ఒక మనిషి కాలు పోయిన రోజున నేను నా పేరు గురించి ఆలోచించాను.

మిగతా చిత్తు కాగితాలు చించేశాను. పది ఇరవై ఉన్న కాగితం మాత్రం మడిచి జేబులో పెట్టుకున్నాను. అందులో నిజాయితీ ఉందనుకోకండి. అలవాటు. ఆరోజు డైరీలో "10.40 ప్రమాదం. పైడయ్య. గాలి ఈశాన్యం" అని రాసి మూసేశాను.

వారం తిరక్కుండానే విచారణ పెట్టారు. పాడైన లాంచీని చెప్పకుండా ఎందుకు తీసుకెళ్లావని నూకరాజుని అడిగారు. రేడియోలో చెప్పానన్నాడు. పైడయ్యని ఆస్పత్రిలో అడిగితే, బావ రేడియోలో ఏదో మాట్లాడటం చూశాను గానీ ఇంజను చప్పుడుకి వినపడలేదన్నాడట. లాగ్ తెప్పించారు. పది ఇరవై లేదు. మేనేజరు నా వైపు తిరిగి, సందేశం వచ్చిందా అని అడిగారు. "లాగ్‌లో ఉన్నవే వచ్చాయి సార్" అన్నాను. ఆయన తల ఊపి నూకరాజుతో, కాకి వాలినా రాసే మనిషయ్యా ఈయన, నువ్వు చెప్పి ఉంటే రాయకుండా ఉంటాడా అన్నారు. నూకరాజు నన్ను చూశాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. నేను సాయం వస్తానని నమ్మినట్టు చూశాడు. నేను లాగ్ పుస్తకం అట్ట మీది దుమ్ము తుడిచాను.

అతని సరంగు పని పోయింది. ఇంకెక్కడా లాంచీ నడపకుండా కాగితాలు రాసేశారు. మళ్లీ జాలరిపేటలో పరాయివాళ్ల పడవల మీద కూలిపనికి వెళ్లాడు. పైడయ్య కర్ర ఊతంతో తిరగడం నేర్చుకున్నాడు. "ఒక కాలికే సెప్పు కొను బావా, రెండో కాలు నువ్వే ఉంచీసుకున్నావు కదా" అని నూకరాజుని అందరిముందూ వేళాకోళం చేసేవాడు. అందరూ నవ్వేవారు. నూకరాజు నవ్వేవాడు కాదు.

ఇప్పుడు నవల సంగతి. ప్రమాదం తరవాత రెండు వారాలు రాయలేకపోయాను. పత్రికవాళ్లు తొందరపెట్టారు. కూర్చున్నాను. కూర్చుంటే చేయి వేరే దారి పట్టింది. ఆ కాలం ఓడల మీద సంగతులన్నీ పలక మీద సుద్దతో రాసి, మధ్యాహ్నం పుస్తకంలోకి ఎక్కించి, పలక తుడిచేసేవారట. నా కథలో ఒక ముసలి నావికుడు, తెరచాపని నిలబెట్టే పైతాడు కుళ్లిపోయిందని జాన్‌కి చెప్తాడు. జాన్ పలక మీద రాసుకుంటాడు. కెప్టెనుకి చెప్పడం మరిచిపోతాడు. తాడు తెగి తెరచాప కూలుతుంది. జాన్ ఎవరూ చూడకుండా పలక తుడిచేస్తాడు. ముందే చెప్పలేదని ముసలివాణ్ని కట్టేసి కొరడాతో కొడతారు.

ఎందుకు రాశాను? ఎవరైనా పట్టుకుంటారనా? పట్టుకోవాలనా? రాసినవాణ్ని నేను, బోనులో పడిందీ నేనే. జాన్ నిజం చెప్తే, చెప్పలేని నేను వాడి చేత చెప్పించినందుకు సిగ్గు. చెప్పకపోతే వాడూ నాలాంటివాడే అవుతాడు. వాణ్ని చూసి మురిసిపోవడానికే కదా నేను వాణ్ని పుట్టించింది. మూడు వారాలు తుపాను అనీ, శత్రువుల ఓడ అనీ కథని అటూ ఇటూ తిప్పాను. పాఠకుల ఉత్తరాలు వచ్చాయి. జాన్ చెప్తాడా, చెప్పడా?

ఒక ఆదివారం ఉదయం జాలరిపేట వెళ్లాను. వెళ్లకపోతే అనుమానిస్తాడేమోనని అప్పుడప్పుడూ వెళ్లేవాణ్ని. నూకరాజు గుమ్మంలో కూర్చుని వల కుడుతున్నాడు. దేముడమ్మ లోపల చేపలు తోముతోంది. నన్ను చూసి పక్కకి జరిగి చోటిచ్చాడు.

"ఏటి బావా, నీ జానయ్య గుంటడు ఇంకా నోరిప్పడేటి? నోట్లో సేపముల్లు గాని ఇరుక్కుందేటి?"

వాడికి భయంగా ఉందన్నాను.

"ఆడికి బయమైతే ఆ ముసిలోడి గతేటి? దెబ్బలు మానిపోతాయి, ఉప్పునీళ్లు తగిల్తే బేగి మానతాయి. మానందొకటుంటాది. కొన్నాళ్లకి ముసిలోడే అనుకుంటాడు, నానసలు సెప్పనేదేమో అని."

సూది ఆపాడు. నా వైపు చూడలేదు. వలవైపే చూస్తూ మాట్లాడాడు.

"నాకలగే అవతంది బావా. నీకు సెప్పినట్టే నాకు గేపకం. నువ్వు సరే అన్నట్టు కూడా గేపకమే. మరి నువ్వు రాయనేదు. నాను సెప్తే నువ్వు రాయకుండా ఉంటావేటి? ఉండవు. మరైతే నా సెవిలో పడ్డ ఆ సరే ఎవుడిది?"

లోపల దేముడమ్మ చేతి చప్పుడు ఆగింది. నాకు తెలుసు, అది నా కోసం తెరిచిన తలుపు. అంత దగ్గరగా, అంత వెడల్పుగా అది మళ్లీ ఎప్పుడూ తెరుచుకోలేదు. నేను అన్న మాట ఇది.

"ఒక్కోపాలి మనసు అలగే మాయ సేత్తాది బావా."

ఆఫీసుకి వెళ్లడం మొదలుపెట్టాక నేను వదిలేసిన మా ఊరి మాట అది. ఎన్నో ఏళ్ల తరవాత ఆ మాట నా నోటికి వచ్చింది, అబద్ధం చెప్పడానికి. అతను తల ఊపాడు. "అంతే అయుంటాది" అన్నాడు. మళ్లీ సూది ఆడించాడు.

లాగ్‌లో వరస వదిలేయడం ఒక తప్పు. భయంలో చేసిన తప్పని ఎవరైనా అనవచ్చు. ఈ రెండోది అలాంటిది కాదు. అతని దగ్గర ఇంకా మిగిలి ఉన్నది తన జ్ఞాపకం మీద నమ్మకం ఒక్కటే. గుమ్మంలో, పక్కన కూర్చుని, బావా అని పిలుస్తూ దాన్ని కూడా తీసేసుకున్నాను.

తరవాతి వారం జాన్ కెప్టెను ముందు నిలబడి, పలక తుడిచింది నేనే అన్నాడు. అందరూ మెచ్చుకున్నారు. నవల పుస్తకంగా వచ్చినప్పుడు సీతమ్మధారలో ఒక చిన్న హాల్లో నాకు శాలువా కప్పారు. నిజం చెప్పే ధైర్యం గురించి ఒక మాస్టారు చాలాసేపు మాట్లాడారు. వెనక వరసలో ఇస్త్రీ చొక్కా వేసుకుని నూకరాజు, పక్కన దేముడమ్మ. చప్పట్లు అందరికన్నా ఆలస్యంగా ఆపినవాడు నూకరాజే. ఆ రోజు తరవాత నాకు దారులన్నీ మూసుకుపోయాయి. అంతవరకూ నేను ఒక తప్పు దాచిన గుమాస్తాని. ఆ శాలువాతో, ఆ తప్పునే కథగా రాసి మెప్పు పొందినవాణ్ని అయ్యాను. ఇంక ఏ ముఖంతో చెప్పను?

నూకరాజు మారిపోవడం నేను ఏళ్ల తరబడి చూశాను. తాళం వేసి పది అడుగులు వేసి, వేశానా అని వెనక్కి వచ్చేవాడు. ముడి వేసి, విప్పి, మళ్లీ వేసేవాడు. పొద్దున్న చెప్పిన మాట సాయంత్రం దేముడమ్మని అడిగి సరిచూసుకునేవాడు. వేటకి వెళ్లిన చోట చుక్కాని అతనికి ఇవ్వడం మానేశారు. తన మాట మీద తనకే నమ్మకం లేనివాడి వెనక ఎవరు కూర్చుంటారు? కొన్నాళ్లకి ఇంటి దగ్గరే వలలు కుట్టుకుంటూ ఉండిపోయాడు. ఏటా చందనోత్సవానికి ఇద్దరం కలిసి సింహాచలం వెళ్లేవాళ్లం. ఏడాదంతా చందనం కింద ఉండే స్వామి ఆ ఒక్కరోజు నిజరూపంతో కనిపిస్తాడు. వరసలో నా వెనక నిలబడి నూకరాజు నా భుజం మీద చేయి వేసేవాడు. స్వామి ముందుకి వచ్చేసరికి నేను కళ్లు మూసుకునేవాణ్ని.

మొన్నటి వేసవిలో నూకరాజు పోయాడు. జ్వరం వచ్చింది, తగ్గలేదు. పోయిన పదోరోజు వెళ్లాను. వచ్చినవాళ్లు వెళ్లిపోయాక దేముడమ్మ ఒక గుడ్డమూట తెచ్చి నా ముందు పెట్టింది. సీరియల్ వచ్చిన పత్రికలు. ఒక్క వారం కూడా పోలేదు. జాన్ నిజం చెప్పిన వారం మాత్రం మడతల దగ్గర చిరిగిపోయింది. అది చాలాసార్లు చదివించుకున్నాడని చెప్పింది. ఆ తరవాత అడిగింది. గొంతు పెంచలేదు.

"అన్నియ్యా, మీరే సెప్పాల. ఆరోజు ఆయన సెప్పినాడా, సెప్పనేదా?"

పైడయ్య గోడకి చేరబడి కూర్చుని నన్నే చూస్తున్నాడు. నేను గొడుగు చేతిలోకి తీసుకున్నాను. బస్సు టైమయిందని లేచాను. ఆరోజు డైరీలో కూడా "చెప్పలేదు" అనే ఉంది.

అది జరిగి మూడు నెలలు. ఇవాళ పొద్దున్న తొంభై నాలుగు డైరీ తీశాను. అంచులు ఎర్రగా ఉన్నాయి, రేడియో గది దుమ్ము ఇంకా పోలేదు. ఆ గురువారం పేజీలో చాలా ఖాళీ ఉంది. జేబుకాగితం పక్కన పెట్టుకుని, ఇంకుతో, అందులో ఉన్నది ఉన్నట్టు ఎక్కించాను. "10.20. నూకరాజు. స్టీరింగు చెయిను జారుతోంది. ఓడ దగ్గరకి వెళ్లకూడదు. వేరే లాంచీ కావాలి." ఈసారి అక్షరాలు గుండ్రంగా లేవు. రాశాక చేయి తేలికగా ఉంది. మనసు కాదు. చేయి.

మీరు చదువుతున్నది చిత్తు. ఇందులో నా పేరు లేదు. సాఫు ప్రతి దేముడమ్మకి పంపుతాను, పది ఇరవై కాగితాన్ని దానికి జతచేసి. అందులో నా పేరు ఉంటుంది, సంతకం ఉంటుంది. ఆమె ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదువుతుంది. పైడయ్య వింటాడు. వాళ్లు నన్ను ఏమన్నా అనవచ్చు, ఏమీ అనకపోవచ్చు. క్షమించమని రాయను. ఆ మాట అడిగితే, నేను ఇచ్చేదానికి వాళ్ల దగ్గర ఏదో ఆశించినట్టవుతుంది. నేను ఇస్తున్నది అతనిదే. పద్నాలుగేళ్లు నా దగ్గర ఉండిపోయింది.

సాఫు ప్రతిలో ఏ వరసా వదలను. ఆమె ఆఖరిదాకా చదవక్కర్లేకుండా, ఆమె అడిగినదానికి జవాబు మొట్టమొదటే రాస్తాను.

చెప్పాడమ్మా. పది ఇరవైకి చెప్పాడు. నేను విన్నాను. ఆ సరే నాది.